బఠాణీలు ఒలిపించిన ఆంటీ

ఆంటీ పోయిందన్న కబురు శనివారం పొద్దున డ్యూటీ మారే వేళకి వచ్చింది. రాత్రి సిస్టరు ఒక్కో మంచం దగ్గరా ఆగి పేషెంటు సంగతులు నాకు అప్పజెబుతోంది. అంతలో ఫోన్ మోగింది. ఆంటీ వాళ్ళమ్మాయి. "దీదీ, మమ్మీ నహీఁ రహీ" అంది. టీ పెట్టుకుని బాల్కనీలో కుర్చీలో కూర్చున్న మనిషి మరి లేవలేదట. పాలావిడ వెళ్ళి చూసిందట. నేను "అచ్ఛా" అన్నాను. ఏం మాటండీ అది! మనిషి పోయిందంటే అచ్ఛా ఏమిటి? ఇన్నేళ్ళ ఢిల్లీ కాపరంలో నోటికి అంటుకుపోయిన ముక్క, సమయానికి అదే ఊడిపడింది. నర్సుని కదా, ఇలాంటి కబుర్లు చెప్పడం వచ్చు గాని వినడం రాదు. ఫోన్ పెట్టేసి, అప్పగింతలు కానివ్వమన్నాను. ఆ సిస్టరు చెప్పిందేదీ బుర్రకెక్కలేదు. సోమవారం ఆంటీ రావాలి కదా, సోమవారం ఆంటీ రావాలి కదా అని ఒకటే తిరుగుతోంది లోపల.

ఆంటీ నాకు చుట్టం కాదు. మయూర్ విహార్‌లో మా కింది ఫ్లాటు. మాది నరసాపురం దగ్గర, ఆవిడది తెనాలి వైపు. ఇద్దరం ఒకే తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళం. భర్త పోయాడు, కూతురు గుర్గావ్‌లో ఉంటుంది, ఆవిడ మాత్రం చివరిదాకా ఉద్యోగం మానలేదు. ఆ ఉద్యోగమేమిటో మా అమ్మకి ఇప్పటికీ అంతుపట్టదు. ఏ ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో పాత పద్ధతి తీసేసి కొత్తది పెట్టేటప్పుడు, రెండు కంపెనీలు ఒకటైపోయేటప్పుడు, అక్కడ పనిచేసేవాళ్ళు బెదిరిపోకుండా, అలిగి మూల కూర్చోకుండా, కొత్తది నేర్చుకుని నిలదొక్కుకునేలా చూడ్డం. "అంటే టీచరా?" అంది అమ్మ. కాదన్నాను. "యూనియన్ మనిషా?" అదీ కాదన్నాను. "అయితే రెండువైపులా తిట్లు తినే ఉద్యోగమన్నమాట" అంది. ఈ మాట ఆంటీకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళకి నా పనేమిటో ఒక్క ముక్కలో చెప్పిన మనిషి మీ అమ్మేనే" అంది.

ఆవిడని నేను మొదట చూసింది మా ఆసుపత్రిలో. నేను ప్రసూతి వార్డు ఇన్‌ఛార్జిని. నాకు కోపం ఎక్కువ, ఆ సంగతి మా వార్డులో ఎవర్నడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టులు తీసేసి అంతా కంప్యూటర్లోనే ఎక్కించాలని పైవాళ్ళు తేల్చారు. దానికి మమ్మల్ని తయారుచెయ్యడానికి ఎవరో మేడమ్ వస్తోందనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పని చేసేది మేము, చెప్పేది బయటివాళ్ళా! మీటింగు గదిలోకి వెళ్ళి చూద్దును కదా, పెద్ద బల్లమీద పేపర్లు పరిచి, వాటిమీద గుట్టగా పచ్చి బఠాణీ కాయలు. నూలు చీర, దానిమీద మగవాళ్ళ స్వెట్టరు, మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు. ఒకావిడ నవ్వుతూ, తలా కాసిని దగ్గరికి లాక్కోండి అని హిందీలో చెబుతోంది.

"ఇది ఆసుపత్రా, పెళ్ళివారి వంటిల్లా?" అని తెలుగులో సణుక్కున్నాను. ఢిల్లీలో మనకున్న ధీమా అదే కదండీ, తెలుగులో ఎవర్ని ఏమన్నా చెల్లిపోతుందని.

ఆవిడ తలైనా ఎత్తలేదు. "పెళ్ళివారిల్లయితే ఈపాటికి నువ్వు వడ్డిస్తూ తిరుగుతుండేదానివి. అది కాదుగా, కూర్చుని ఒలువు" అంది, అచ్చ తెనాలి యాసలో.

చచ్చినట్టు కూర్చున్నాను.

అందరి చేతులూ పనిలో పడ్డాక ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఈ కంప్యూటరు వస్తే మీ దగ్గర్నుంచి ఏం పోతుంది? ఏం వస్తుందని కాదు, ఏం పోతుందని. అడిగేసి నోరు మూసుకుంది. కాయలు టప్పు టప్పున విచ్చుకుంటున్న చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. మా అడ్మిన్ సార్‌కి ఆ మౌనం భరించడం కష్టమై ఏదో చెప్పబోతే, ఆయన ముందుకీ ఓ గుప్పెడు కాయలు తోసింది. ఎంతసేపటికో ఒక చిన్న సిస్టరు, కొత్తగా చేరిన పిల్ల, చేతిలో కాయ వంకే చూస్తూ అంది: చార్టు రాసేటప్పుడు తల్లి మొహం చూస్తూ రాస్తాం, కంప్యూటరు గోడ దగ్గర పెట్టారు, ఇక వాళ్ళకి మా వీపే కనిపిస్తుంది.

ఇక చూడండి, గట్టు తెగింది. అందరూ మాట్లాడారు. నేనూ మాట్లాడాను, కాదు, అరిచాను. అంతా అయ్యాక తేలిందేమిటంటే మాకు కంప్యూటరంటే భయం లేదు. మంచం పక్కన మా చోటు పోతుందని బెంగ. ఆ సంగతి మాకే అప్పటిదాకా తెలియదు. ఆంటీ వెళ్ళి పైవాళ్ళతో, "ఇల్లలకగానే పండగ కాదు సార్, మిషన్లు వచ్చాయి, మనుషులింకా రాలేదు" అని పోరి, కంప్యూటర్లని చక్రాల బల్లలమీద పెట్టించి మంచాల పక్కకి రప్పించింది. నేర్చుకోం అని భీష్మించుకు కూర్చున్నవాళ్ళమే ఒకళ్ళకొకళ్ళం నేర్పుకున్నాం. ఒలిచిన గింజలు క్యాంటీన్‌కి ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం అందరం ఆ కూరే తిన్నాం.

బఠాణీలెందుకండీ అని తర్వాత అడిగాను. "మొహంలో మొహం పెట్టి అడిగితే ఎవరూ నిజం చెప్పరే. చేతికి పనిస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మా వీధిలో అమ్మలక్కలు చిక్కుళ్ళు ఒలుస్తూనే కాపరాలన్నీ చక్కబెట్టేవాళ్ళు" అంది. చలికాలం బఠాణీలు, ఎండాకాలం చింతపండులో గింజలు తీయడం, వానలకి వెల్లుల్లి. గుర్గావ్ అద్దాల మేడల్లో సూట్లు వేసుకున్న మేనేజర్ల చేత వెల్లుల్లి పొట్టు తీయించింది మహాతల్లి.

ఆ ఏడే తన పై ఫ్లాటు ఖాళీ అయిందని చెప్పి నన్ను అద్దెకి తెచ్చింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం నా చెప్పుల చప్పుడు పోల్చుకుని తలుపు తీసేది. "ఏమన్నారే ఇవాళ?" అనేది. ఏం చేశావే అని ఒక్కనాడూ అడగలేదు. ఎదుటివాళ్ళు ఏమన్నారన్నదే ఆవిడకి కావాలి. నేను గుమ్మంలో నిలబడే చెప్పేదాన్ని, డాక్టరు ఇలా అన్నాడు, ఆయా దీదీ అలా అంది అని. ఆవిడ వింటూ ఏదో ఒకటి ఒలుస్తూ ఉండేది. నా కోపం మెట్లమీదే దిగిపోయి, ఇంట్లోకి వెళ్ళేసరికి పిల్లలకి వట్టి అమ్మే మిగిలేది. దానికి ఆవిడకెప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మనకి ఆ అలవాటేదీ?

ఇక అసలు సంగతికొస్తాను. ఒక చోట పని పూర్తయితే ఆంటీ నన్ను అశోకా రోడ్డులో మన తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి తీసుకెళ్ళేది. ఓ ఆదివారం గోంగూర కలుపుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, బయట వరసలో నిలబడ్డ ఓ పెద్దాయన వంక చూస్తోంది. గోధుమరంగు చేతుల్లేని స్వెట్టరు, చంకలో సంచి. ఆయన ఇటు తిరిగాడు. "కాదులే" అంది ఆంటీ. మళ్ళీ ముద్ద ఎత్తలేదు. అప్పుడు చెప్పింది.

చాలా ఏళ్ళ కిందట నోయిడాలో ఓ ఆఫీసులో ఫోన్లన్నీ కంప్యూటరుకి మార్చేశారు. అక్కడ ఓ టెలిఫోన్ ఆపరేటరు ఉండేవాడు. ఎవరి గొంతైనా హలో అనగానే గుర్తుపట్టేవాడట. మీటింగులో అందరూ వెళ్ళిపోయాక ఆంటీ దగ్గరికొచ్చి, నా కుర్చీ ఉంటుందా మేడమ్, ఇంకోచోట పిలుస్తున్నారు, వెళ్ళమంటారా అని అడిగాడు. ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసెయ్యబోమని పైవాళ్ళు ఆంటీకి మాటిచ్చారు. ఆ ధైర్యంతో ఈవిడ, "ఎక్కడికీ వెళ్ళకండి, ఉంటుంది, నాదీ పూచీ" అంది. ఆయన ఆ ఇంకోచోటు వదులుకున్నాడు. చలికాలం వెళ్ళకముందే ఆయన కుర్చీ తీసేశారు. చివరి రోజు లిఫ్టు దగ్గర ఎదురుపడ్డాడు. తిట్టలేదు, ఏడవలేదు. "ఆప్‌నే కహా థా, మేడమ్..." అన్నాడు. మీరన్నారు కదా అని. అంతవరకే అని లిఫ్టు ఎక్కేశాడు.

"ఆ మిగతా సగం కూడా అనేసి తిట్టుంటే బతికిపోదునే" అంది ఆంటీ. "సగంలో వదిలేసి పోయాడు. రోజూ మిగతాది నేనే అనుకోవాల్సొస్తోంది."

అప్పట్నుంచి ఏ పని ఒప్పుకునే ముందైనా పైవాళ్ళని ఒకటే అడిగేది, ఎవరు పోతారు అని. చెప్పకపోతే లేచొచ్చేసేది. అలా ఎన్ని పనులు పోగొట్టుకుందో. ఆ ఆపరేటరు వేసుకునే స్వెట్టరు లాంటిది మెట్రోలో కనబడితే, ఎక్కబోయేదల్లా వెనక్కి తగ్గి ఆ బండి వదిలేసేది. నేను పక్కనుంటే నా మోచెయ్యి పట్టుకునేది. చలికాలంలో ఢిల్లీ అంతా గోధుమరంగు స్వెట్టర్లే, ఎన్ని బళ్ళు వదులుతారు ఆంటీ అని వేళాకోళం చేశాను ఓసారి. నవ్వలేదు. నేను దయ్యాల్ని నమ్మను. ఆ ఆపరేటరు ఎక్కడో నిక్షేపంలా మనవల్ని ఆడించుకుంటున్నాడేమో కూడా. కానీ ఓ మనిషిని పట్టుకోడానికి చావక్కర్లేదని మాత్రం ఆంటీని చూశాకే తెలిసింది.

ఈ శీతాకాలం ఆ గండం నా నెత్తికొచ్చింది. మా ప్రసూతి విభాగం మొత్తాన్ని కొత్త బిల్డింగుకి మారుస్తున్నారు. ఆయాల పని, శుభ్రం చేసే పని బయటి కాంట్రాక్టుకి ఇస్తారని గుసగుస. స్టాఫ్‌ని సిద్ధం చేసే పని నాకప్పగించారు. నేనే బతిమాలి ఆంటీని రమ్మన్నాను. శుక్రవారం అడ్మిన్ సార్ నన్ను గదిలోకి పిలిచి, "మీటింగులో ఎవరి ఉద్యోగమూ పోదని చెప్పేయండి సిస్టర్. లేకపోతే ఇప్పట్నుంచే వెతుక్కుంటారు, షిఫ్టింగుకి మనుషులుండరు" అన్నాడు. నిజమేనా సార్ అన్నాను. "అభీ తో యహీ బోల్‌నా హై" అన్నాడు. అంటే, ఇప్పటికి ఇలా చెప్పాలంతే.

సాయంత్రం మెట్లెక్కుతుంటే తలుపు తీసుకుంది. "ఏమన్నారే?"

చెప్పాను. ఆంటీ చేతులు ఆగిపోయాయి.

"ఆ మాట నువ్వనకు" అంది. "అన్నావో, అది నీతోపాటే కాపరానికొస్తుంది. సోమవారం నేనొచ్చి నీ పక్కన నిలబడతా."

"అనకపోతే నా ఉద్యోగమే పోవచ్చు. ఇంటద్దె, పిల్లల ఫీజులు అన్నీ దాని మీదే కదా ఆంటీ."

"పోవచ్చు" అంది.

నాకు కోపం తన్నుకొచ్చింది. "పోదులేవే అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

"అనను. అననని తెలిసే కదే నా గుమ్మంలో నిలబడ్డావు" అంది. లోపలికెళ్ళి ఓ గిన్నెలో పులిహోర పెట్టి ఇచ్చింది. మొహం ముడుచుకునే తీసుకున్నాను. ఆవిడ చేతి నుంచి నేను తీసుకున్న ఆఖరు గిన్నె అదే, ఇంకా నా దగ్గరే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి చేశాం. ఎక్కడెక్కడి ఆఫీసుల వాళ్ళో వచ్చారు, ఒకళ్ళకొకళ్ళు తెలియదు. పాస్టరు గారు ఆవిడ గురించి ఎవరైనా మాట్లాడండి అంటే ఒక్కరూ లేవలేదు. అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి, ఏం చెయ్యాలో తెలియక చూసుకుంటున్నారు. వాళ్ళకి కాసిని కాయలిస్తే మాట్లాడుదురు కదా అనిపించి, అప్పుడేడ్చాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు.

ఫ్లాటుకి తాళం వేసి వెళ్ళబోతూ వాళ్ళమ్మాయి ఓ గుడ్డసంచి నా చేతికిచ్చింది. "ఫ్రిజ్‌లో ఉంది దీదీ. మమ్మీ సోమవారానికి కొన్నట్టుంది" అంది హిందీలో. బఠాణీ కాయలు. మా వాళ్ళందరికీ సరిపడేన్ని, బరువుగా.

సోమవారం పొద్దున నేను టిఫిన్ డబ్బాలు కడుతుంటే కింది నుంచి టప్‌మంది. కాసేపాగి మళ్ళీ టప్‌మంది. బాల్కనీలో పావురమై ఉంటుంది, చలికి తలుపు చెక్క అయ్యుంటుంది. కిందికెళ్ళి చూస్తే తాళం వేసినట్టే ఉంది. బఠాణీల సంచి తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాను.

మీటింగు గదిలో అడ్మిన్ సార్ ముందు వరసలో కూర్చున్నాడు. నేను బల్లమీద పేపర్లు పరిచి సంచి బోర్లించాను. ఎవరూ ముట్టుకోలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. వెనక వరసలో ఆయా దీదీ. మాలో అందరికంటే పాత మనిషి. ఆవిడకీ నాకూ క్షణం పడదు, దుప్పట్ల దగ్గర్నుంచి బకెట్ల దాకా రోజూ యుద్ధమే. ఆవిడే లేచి నిలబడింది.

"సిస్టర్ జీ, సచ్ బోలో" అంది. నిజం చెప్పండి, మా ఉద్యోగాలు ఉంటాయా?

సార్ నా వైపు చూసి తలూపాడు. సార్ తలూపితే మన నాలుక కదిలిపోతుందండీ, ఏళ్ళ తరబడి అలవాటు. "కిసీ కీ నౌకరీ" అని మొదలెట్టేశాను కూడా. ఎవరి ఉద్యోగమూ, అన్నదాకా వచ్చేసింది. అక్కడ వినబడింది, "ఆప్‌నే కహా థా". ఆ ఆపరేటరు గొంతు నేనెన్నడూ వినలేదు. వినబడింది ఆంటీ గొంతులో, నా వెనకనుంచి, తెనాలి యాస తగిలిన హిందీలో. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆవిడ నిలబడతానన్న చోటు అది.

"కొందరి ఉద్యోగాలు పోవచ్చు" అన్నాను. "ఎవరివో నాకు తెలియదు. తెలిసిన రోజునే చెబుతాను. ఈలోగా మీరెవరైనా ఇంకోచోట వెతుక్కుంటే తప్పు పట్టను, నేనే ఫోన్ చేసి మీ గురించి మంచిమాట చెబుతాను. నా ఉద్యోగం సంగతీ నాకు తెలియదు."

సార్ మొహం చూడలేదు. ఆంటీ ప్రశ్నే అడిగాను, ఈ పాత బిల్డింగు వదిలేస్తే మీ దగ్గర్నుంచి ఏం పోతుందని. అడిగి నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నా సర్వీసులో చెయ్యలేదు. ఎవరూ కదల్లేదు. ఇక అయిపోయింది, అనవసరంగా అందర్నీ భయపెట్టి నా నోటి దగ్గర కూడు నేనే తన్నుకున్నాను అనుకున్నాను.

టప్.

ఆయా దీదీ ముందుకొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఒలవడం మొదలెట్టింది. తల వంచుకునే అంది: ఇక్కడ పుట్టిన పిల్లల్ని తల్లికంటే ముందు ఎత్తుకునేది నేనే, అది పోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

సార్ తర్వాత గదిలోకి పిలిచి నన్ను ఉతికి ఆరేశాడు, అది వేరే సంగతి. కానీ ఆయన భయపడ్డట్టు జనం పారిపోలేదు. ఒకరిద్దరు వెళ్ళారు, మిగతావాళ్ళు ఉండి, వస్తువుల దగ్గర్నుంచి మంచాల వరస దాకా వాళ్ళే చెప్పి మార్పించారు. అది చూసో ఏమో, ఎవరుంటారో ఎవరు పోతారో పైవాళ్ళు బిల్డింగు మారడానికి ముందే బయటపెట్టారు. నా ఉద్యోగం ఉంది. ఆయా దీదీది పోయింది.

మొన్న ఆవిడ ఆఖరి రోజు. హోలీ అయిపోయింది, బండిమీద బఠాణీలూ అయిపోయాయి. లిఫ్టు దగ్గర ఎదురుపడింది. అదే లిఫ్టు, అదే ఆఖరి రోజు అనిపించింది. సంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఆప్‌నే పెహ్‌లే బతా దియా థా, సిస్టర్ జీ" అంది. మీరు ముందే చెప్పారు కదా అని. గాజియాబాద్‌లో ఓ నర్సింగ్ హోమ్‌లో అప్పటికే మాట్లాడుకుందట, అక్కడా పసిపిల్లల దగ్గరే పనట. పోతూ పోతూ, దుప్పట్లు లెక్కపెట్టడం మీకు చేతకాదు, కొత్తవాళ్ళకి నేర్పండి అని ఓ దెబ్బ కూడా వేసి లిఫ్టు ఎక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చి మెట్లెక్కుతూ, అలవాటుకొద్దీ కింది ఫ్లాటు ముందు ఆగాను. తాళం మీద దుమ్ము పట్టింది. ఏమన్నారే అని ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను. ఆయా దీదీ ఏమందో, ఆవిడన్న మాట అన్నట్టుగా, పైకే చెప్పాను. పక్క ఫ్లాటు ఆవిడ తలుపు సందులోంచి చూసి, పిచ్చెక్కిందనుకుని వేసేసుకుంది.

లోపల టప్‌మంది. పావురమే అయ్యుంటుంది. ఇంకో కాయ కోసం అక్కడే నిలబడ్డాను.